వెన్నెలను కొలిచిన దర్జీ కొడుకు

డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన మన హాస్టల్ పూర్వ విద్యార్థులకు బీర్-లాంబర్ట్ నియమం గుర్తుండే ఉంటుంది. పరీక్ష కోసం మేమూ బట్టీ పట్టాం గానీ, ఆ లాంబర్ట్ ఎవరో చాలాకాలం తెలుసుకోలేదు. తెలిశాక ఆయన మనలాంటివారే అనిపించింది.

జొహాన్ హైన్‌రిష్ లాంబర్ట్ 1728లో, నేడు ఫ్రాన్స్‌లో ఉన్న మ్యూలూజ్ పట్టణంలో ఒక దర్జీ ఇంట పుట్టారు. 12 ఏళ్లకే బడి మాని తండ్రికి కుట్టుపనిలో సాయం చేశారు. పగలు పని, రాత్రి చదువు. తర్వాత ఇనుము కార్ఖానాలో గుమాస్తా అయ్యారు. 1748లో స్విట్జర్లాండ్‌లో ఒక ధనిక కుటుంబం పిల్లలకు చదువు చెప్పే పని దొరికింది. ఆ ఇంటి గ్రంథాలయమే ఆయనకు కాలేజీ అయింది.

1760లో కాంతి కొలతలపై 'ఫోటోమెట్రియా' అనే గ్రంథం రాశారు. ఒక వస్తువు తనపై పడిన వెలుగులో ఎంత వంతు తిప్పి పంపుతుందో చెప్పే 'ఆల్బిడో' అనే మాట ఇందులోనిదే. చంద్రుడు తనపై పడిన ఎండలో సుమారు 12 శాతమే తిప్పి పంపుతాడు. అంటే అంత తెల్లని వెన్నెల ఇచ్చే ఆ నేల నిజానికి పాత తారురోడ్డంత నల్లన! మనం కుందేలు అనుకునే మచ్చలు ఇనుము ఎక్కువగా ఉన్న బసాల్ట్ మైదానాలు. అవి వెలుగును ఎక్కువగా మింగేస్తాయి. మెరిసే ఎత్తు ప్రాంతాల్లో కాల్షియం, అల్యూమినియం ఉన్న లేతరంగు రాళ్లున్నాయి. 2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 దిగింది అలాంటి ఎత్తు ప్రాంతంలోనే.

లాంబర్ట్ సూత్రం ప్రకారం పున్నమి చంద్రుడు నడుమ ఎక్కువగా, అంచుల్లో తక్కువగా వెలగాలి. కానీ పళ్లెంలా అంతటా దాదాపు ఒకేలా వెలుగుతాడు. అక్కడి గరుకు నేల, దుమ్ము అందుకు కారణం. సూత్రానికీ చంద్రునికీ ఉన్న ఆ తేడాయే అక్కడి నేల ఎలాంటిదో చెప్పింది.

బెర్లిన్‌లో ఆయన వేషం, తీరు చూసి ఫ్రెడరిక్ రాజు అకాడమీలోకి తీసుకోవడానికి మొదట వెనకాడారు. 1765లో తీసుకున్నారు. పై కరణీయ సంఖ్య అని మొదట నిరూపించిందీ ఆయనే. 1777లో 49 ఏళ్లకే కన్నుమూశారు. నేడు చంద్రునిపై ఒక బిలానికి ఆయన పేరుంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! సెలవులకు ఇంటికెళ్లి, కూలిపనిలో పడి తిరిగిరాని మిత్రులు మనకూ ఉన్నారు. లాంబర్ట్‌కు హాస్టల్ లేదు. మనకు ఉంది. ఈ వార్షికోత్సవం రోజున మనలో ఒక్కొక్కరం అలాంటి ఒక్క మిత్రుని ఇంటికైనా వెళ్లి, మళ్లీ చదువుకు పిలుచుకొద్దాం.