బావరి: శాప భయం నుంచి విద్య దాకా

మన కొండగట్టుకు ఉత్తరాన పారే గోదావరి ఒడ్డున, బుద్ధుని కాలంలో, బావరి అనే ముసలి బ్రాహ్మణ గురువు ఉండేవాడు. ఆ చోటు బాదనకుర్తి అని కొందరు చరిత్రకారులు అంటారు. ఆయన కథ సుత్తనిపాతంలోని పారాయన వగ్గంలో ఉంది.

బావరి యాగం చేసి ఉన్నదంతా దానమిచ్చిండు. తర్వాత ఒక బ్రాహ్మణుడొచ్చి 500 నాణేలు అడిగిండు. లేవన్నందుకు, ఏడో రోజున తల ఏడు ముక్కలవుతుందని శపించిండు. మూడు వేదాలు చదివిన బావరి భయంతో తిండి మానేసి చిక్కిపోయిండు. శపించినోడికి ఏమీ తెల్వదని, తెలిసినవాడు బుద్ధుడేనని ఒక దేవత చెప్పిందని గాథ. బావరి తన 16 మంది శిష్యులను పంపిండు. వాళ్లు పైఠాన్, ఉజ్జయిని, శ్రావస్తి మీదుగా మగధకు పోయి బుద్ధుణ్ణి కలిసిండ్రు.

బుద్ధుడు వివరించింది ఇది: తల అంటే అవిద్య. శ్రద్ధ, స్మృతి, సమాధి, సంకల్పం, వీర్యం తోడైన విద్యే దాన్ని పగలగొడుతుంది. శిష్యుడు పింగియుడు తిరిగొచ్చి గురువుకు ధమ్మం వినిపించిండు.

చిత్త వికాస సిద్ధాంతం మనకు అక్కరకొచ్చేది ఇక్కడే. ఇయ్యాల ఎవరన్నా చేతబడి, బాణామతి అని బెదిరిస్తే ఆగి మనసును చూడండి. భయం ఎట్ల పుట్టిందో గమనించండి. జబ్బుంటే డాక్టరు దగ్గరికి పోండి. పొరుగింటోళ్ల మీద అనుమానం పెంచుకోకండి.

నమో బుద్ధాయ. జై భీమ్.