మోటారు ఎక్కడ పెట్టాలి? కె.ఎల్. రావు కథ

సత్తెనపల్లి వైపు మిర్చి, పత్తి చేలకి సాగర్ కుడికాలువ నీళ్లొస్తాయి. డ్యామ్ నుంచి అంత దూరం ఆ నీళ్లని ఏ మోటారూ తొయ్యట్లేదు. పల్లం ఉంది కాబట్టి వస్తున్నాయి, అంతే. మన హాస్టల్ ట్యాంకు సంగతీ ఇదే. మోటారు ఒక్కసారి పైకెక్కిస్తే చాలు, అక్కణ్ణించి అన్ని ఫ్లోర్లకీ నీళ్లు వాటంతటవే దిగుతాయి. మరి మోటారు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ అసలు అక్కర్లేదు? ఈ ప్రశ్నని దేశమంత సైజులో వేసుకున్న తెలుగు ఇంజనీరు ఒకాయన ఉన్నారు. ఆయనే కానూరి లక్ష్మణరావు. అందరికీ తెలిసిన పేరు కె.ఎల్. రావు.

1902 జులై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. తొమ్మిదేళ్లకే తండ్రి పోయారు. స్కూల్లో ఆడుకుంటుంటే దెబ్బ తగిలి ఒక కన్ను చూపు పోయింది. అయినా చదువు ఆగలేదు. మద్రాసు యూనివర్సిటీ నుంచి ఇంజనీరింగులో మాస్టర్స్ అందుకున్న మొదటి మనిషి ఆయనే. తర్వాత రంగూన్‌లో పాఠాలు చెప్పారు, 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పీహెచ్‌డీ చేశారు. తిరిగొచ్చి మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీరుగా చేరారు. 1950లో ఢిల్లీ వెళ్లి డిజైన్ల డైరెక్టర్ అయ్యారు.

నాగార్జునసాగర్ రూపకల్పనలో ఆయన పాత్ర పెద్దది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకి నీళ్లొదిలారు. కాంక్రీటు బదులు రాతికట్టడం ఎంచుకోవడం వల్ల విదేశీ యంత్రాల మీద ఆధారపడకుండా మన రాయితో, మన కూలీల చేతులతో డ్యామ్ లేచింది. నీళ్లని ఎత్తుగా నిలబెడితే చాలు, గుంటూరు, ప్రకాశం చేలదాకా అవే నడుచుకుంటూ పోతాయి. అంటే అక్కడ డ్యామే మన ట్యాంకు.

1962లో విజయవాడ నుంచి ఎంపీగా గెలిచారు. మరుసటి ఏడాది కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ మంత్రి అయ్యారు. ఆ పదవిలో ఉండగానే 1972లో ఆయన అందరికంటే పెద్ద కల బయటపెట్టారు: గంగా–కావేరి అనుసంధానం. పాట్నా దగ్గర వరదకాలంలో 150 రోజులపాటు 60,000 క్యూసెక్కులు తీసుకుని, 2,640 కిలోమీటర్ల దారిలో దక్షిణాదికి తేవాలి. మధ్యలో వింధ్య ప్రాంతపు ఎత్తు అడ్డం. అందుకని అందులో 50,000 క్యూసెక్కుల్ని సుమారు 550 మీటర్లు పైకి ఎత్తాలి. ఆ గట్టు దాటాక పల్లమే చూసుకుంటుంది. హాస్టల్ ట్యాంకు ఐడియానే, కాకపోతే ట్యాంకు దేశం నడుమ ఉంది!

ఇక్కడే లెక్క ఎదురుతిరిగింది. 50,000 క్యూసెక్కులంటే సెకనుకి దాదాపు 1,400 టన్నుల నీళ్లు. దాన్ని 9.8తో, 550తో గుణించి చూడండి, 7,500 మెగావాట్లు దాటుతుంది. ఆ ప్రణాళికకి అప్పట్లో వేసిన అంచనానే 5,000 నుంచి 7,000 మెగావాట్లు. అప్పటికి దేశం మొత్తం స్థాపిత సామర్థ్యం 20,000 మెగావాట్లు కూడా లేదు. ఖర్చు మరీ తక్కువగా చూపించారని కేంద్ర జలసంఘం తేల్చింది. పథకం కాగితం మీదే ఉండిపోయింది.

అయితే ఆయన తప్పు చేశారా? నాకలా అనిపించదు. మోటారు పెట్టిన చోటు సరైనదే, ఎక్కాల్సిన ఎత్తే మన స్తోమతకి మించింది. 2015–16లో పట్టిసీమ దగ్గర గోదావరి గట్టున 24 పంపులు పెట్టి, ఒక్కసారి ఎత్తి, కాలువలో పడేసి కృష్ణకి తెచ్చారు. సూత్రం అదే, ఎత్తు మాత్రం చాలా తక్కువ. కాబట్టి సాధ్యమైంది.

ఇదే సూత్రం తిరగేస్తే మన పొలాల బాధ కూడా అర్థమవుతుంది. పల్లంతో నడిచే కాలువ మీద పైనున్నవాళ్లు ఎక్కడపడితే అక్కడ ఇంజన్లు పెట్టి తోడేస్తే, చివరి ఆయకట్టు మిర్చి ఎండిపోతుంది. తప్పు చోట పెట్టిన మోటారు నీళ్లని పుట్టించదు, పక్కవాడి వాటా లాక్కుంటుంది.

ఆయన 1986 మే 18న పోయారు. సాగర్‌కి, ప్రకాశం బ్యారేజీకి మధ్య కృష్ణ మీద కట్టిన పులిచింతలకి ఆయన పేరే పెట్టారు. 45.77 టీఎంసీల ఆ జలాశయం నుంచి డెల్టాకి నీళ్లు కిందికే పోతాయి, మోటారు లేకుండా. ఆయనకి ఇంతకన్నా సరిపోయే గుర్తు ఇంకేముంటుంది?