ఎడ్మండు లోకార్డు

ఇప్పుడు మన విద్యార్థులలో పలువురు కంప్యూటరు నేర్చుకొనుచున్నారు. ఆ యంత్రమున జరిగిన మోసమును సాక్ష్యముతో కనిపెట్టు శాస్త్రమునకు కంప్యూటర్ ఫోరెన్సిక్స్ అని పేరు. దాని మొదటి పాఠములు నేర్వగోరువారు, సూక్ష్మదర్శినియే ముఖ్యసాధనముగా పనిచేసిన యొక ఫ్రెంచి వైద్యుని చరిత్ర తెలిసికొనుట మేలని మేము తలంచుచున్నాము.

ఎడ్మండు లోకార్డు 1877వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమందు జన్మించెను. వైద్యమును, న్యాయశాస్త్రమును రెంటిని అభ్యసించి, లియోన్ నగరమున లకస్సాన్యు అను ప్రసిద్ధాచార్యునికి సహాయకుడుగా నుండెను. ఆ దినములలో నేరవిచారణకు సాక్షుల మాటయు, నిందితుని ఒప్పుకోలును ముఖ్యాధారములు. సాక్షి మరచును, భయపడును, ఒక్కొక్కప్పుడు అబద్ధమాడును. వస్తువులకు ఆ భయము లేదు. 1910లో లియోన్ న్యాయస్థానభవనపు పైకప్పు క్రింద రెండు చిన్నగదులు ఆయనకియ్యబడెను. కొద్ది పరికరములతో అచ్చట ప్రారంభమైనది పోలీసు ప్రయోగశాలలలో మొదటిదిగా ఎన్నబడుచున్నది.

రెండు వస్తువులు తాకుకొన్నయెడల ఒకదానిది మరియొకదానికి అంటక మానదనుట ఆయన బోధ. పామిడివారికిది వింతగాదు. తప్పిపోయిన మేకకొరకు పెన్నేటి యిసుకలో అడుగులు చూచుకొని పోవు కాపరి, ఇసుకపై గిట్టల గుర్తే గాక, గిట్టల సందున ఇసుకయు నుండునని యెరుగును.

1912లో లియోన్ నగరమున మారీ లాతెల్ అను యువతి హత్య చేయబడెను. ఎమిలు గూర్బాన్ అను బ్యాంకు గుమాస్తాపై అనుమానము కలిగెను. ఆ వేళ అతడు తమతో పేకాటలో నుండెనని స్నేహితులు చెప్పిరి. లోకార్డు అతని గోళ్లక్రింది మురికిని గీచి చూడగా, ఆ యువతికొరకు ఒక మందులవర్తకుడు ప్రత్యేకముగా కలిపియిచ్చిన ముఖచూర్ణపు రేణువులు కనబడెను. అంతట గూర్బాన్ నేరము ఒప్పుకొనెను. స్నేహితులు అబద్ధమాడలేదు, అతడే గడియారమును ముందుకు త్రిప్పి వారిని మోసగించెను.

అయినను జాడను చదువువాడును మనుష్యుడే. శరీరపు కొలతలచే నేరస్థులను గుర్తించు పద్ధతిని కల్పించిన బెర్టిలాన్ వంటి ప్రాజ్ఞుడు, 1894లో డ్రేఫస్ అను సైనికోద్యోగి వ్యాజ్యమున చేవ్రాతను తప్పుగా గుర్తించెను. ఆ నిరపరాధి దూరద్వీపమున నాలుగేండ్లకు పైగా చెరయందుండెను. 1906లోగాని నిర్దోషియని తీర్పు కాలేదు. తెలిసినదానికి మించి చెప్పుట యెంత ఘోరమో చూడుడు! వ్రేలిముద్రల విషయమున లోకార్డు 1914లో హద్దు నేర్పరచెను. ముద్ర స్పష్టమై, పండ్రెండుకంటె నెక్కువ గుర్తులు సరిపోయిన నిశ్చయము. ఎనిమిది మొదలు పండ్రెండువరకు సందేహస్థలము, మరియొక నిపుణుడును చూడవలెను. అంతకు తక్కువైన నిశ్చయము పలుకరాదు.

కంప్యూటరునకు ఈ పాఠములే వర్తించును. తిరుగుడు డిస్కులలో ఫైలును తుడిచినపుడు సామాన్యముగా దాని పేరు మాత్రమే పట్టికనుండి తొలగును. లోని సమాచారము, దానిపై వేరొకటి వ్రాయబడువరకు నిలిచియుండును. పరీక్షకుని స్పర్శయు జాడయే గనుక, అతడు అసలు డిస్కును ఊరక తెరువడు. వ్రాతను అడ్డగించు పరికరముద్వారా ప్రతి తీసి, ప్రతినే పరీక్షించును. అసలునకును ప్రతికిని హ్యాష్ అను సంఖ్యను కట్టి సరిచూచును. లోపల ఒక్క అక్షరము మారినను ఆ సంఖ్య వేరగును. వస్తువు ఎవరి చేతినుండి ఎవరి చేతికి ఎప్పుడు పోయెనో వ్రాసియుంచును. యంత్రములోని గడియారము సరియైనదో కాదో మొదటనే చూచును. గూర్బాన్‌వలె దానిని త్రిప్పువారు నేడును కలరు. మన దేశమున 2024 జూలై 1వ తేదినుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము ప్రకారము, ఇట్టి సాక్ష్యముతో సమర్పించు ధ్రువపత్రమున హ్యాష్ సంఖ్యను చూపవలెను.

లోకార్డు తన విద్యనంతయు ఏడు సంపుటముల గ్రంథముగా వ్రాసి, 1966లో మరణించెను.

బాలబాలికలారా, ఒకని పేరుమీద వేరొకడు దుష్టసందేశము పంపుట నేడు కష్టముగాదు. సందేశము ఫలాని ఫోనునుండి వచ్చెనని జాడ చెప్పవచ్చును. ఆ ఫోనును ఎవరి చేయి పట్టెనో అదియొక్కటే చెప్పజాలదు. ఆ రెండింటి నడుమనున్న యెడమును చూడనివాడు నిరపరాధిని దోషిగా నిలుపును. ఈ విద్య నేర్వగోరువారు యంత్రముకంటె ముందుగా ఆ యెడమును చూడ నేర్తురు గాక.