దేశం లేనివాళ్లకు పాస్‌పోర్టు: నాన్సెన్ కథ

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం అడిగినప్పుడు, బడి జ్ఞాపకాలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కదా, నేను పాఠమే చెబుతానన్నాను. ఈ బడిలోనే చదువుకుని, తర్వాత ఇక్కడే ఇరవై ఏళ్లకు పైగా సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి. నానాజాతి సమితి పాఠం వచ్చినప్పుడల్లా పుస్తకంలో లేని ఒక మనిషి గురించి ఒక పీరియడు అదనంగా చెప్పేవాణ్ణి. నా దగ్గర చదివినవాళ్లకు ఆ పేరు గుర్తుండే ఉంటుంది: ఫ్రిట్యోఫ్ నాన్సెన్. గంట మోగడం వల్ల అప్పట్లో చెప్పలేకపోయిన సంగతులు కూడా ఇక్కడ రాస్తున్నాను.

నాన్సెన్ 1861 అక్టోబరు 10న నార్వేలో, ఇప్పుడు ఓస్లో అని పిలిచే క్రిస్టియానియా పక్కన పుట్టారు. చదివింది జంతుశాస్త్రం. బెర్గెన్ మ్యూజియంలో పనిచేస్తూ నాడీమండలం మీద పరిశోధన చేసి 1888లో డాక్టరేటు తెచ్చుకున్నారు. ఆ వెంటనే గ్రీన్‌లాండ్ మంచు మైదానాన్ని అడ్డంగా దాటడానికి మరో ఐదుగురితో బయలుదేరారు. అంతకుముందు వాళ్లంతా జనం ఉన్న పడమటి తీరం నుంచి మొదలుపెట్టి, కష్టం రాగానే వెనక్కి తిరిగి వచ్చేవారు. నాన్సెన్ మనుషులు దాదాపు లేని తూర్పు తీరంలో దిగారు. ఇక వెనక్కి వెళ్తే చావే, ముందుకు వెళ్తేనే ఊరు. ఆరుగురూ దాటారు.

ఆ తర్వాతి యాత్ర పిల్లలకు మరీ ఇష్టం. సైబీరియాకు ఉత్తరాన 1881లో మంచులో నలిగి మునిగిన ఒక అమెరికన్ ఓడ శకలాలు మూడేళ్లకు గ్రీన్‌లాండ్ తీరంలో దొరికాయి. మంచు కింద సముద్రం ప్రవహిస్తోంది కాబట్టే అవి అంత దూరం వచ్చాయని నాన్సెన్ లెక్క కట్టారు. మంచు నొక్కినప్పుడు నలగకుండా పైకి లేచేలా గుండ్రటి అడుగుతో ‘ఫ్రామ్’ అనే ఓడను కట్టించి, 1893లో కావాలనే దాన్ని మంచులో ఇరికించారు. ఓడ అంగుళం అంగుళం కదులుతుంటే విసుగెత్తి, 1895 మార్చిలో యోహాన్సెన్ అనే సహచరుడితో కుక్కలబండ్ల మీద ధ్రువం వైపు బయలుదేరారు. 86 డిగ్రీలు దాటారు గానీ ధ్రువం చేరలేదు. తిరుగుదారిలో చలికాలమంతా రాళ్లు పేర్చుకున్న గుంతలాంటి గుడిసెలో, ఎలుగు మాంసం తింటూ గడిపారు. అన్ని నెలలు ఒకే సంచిలో పడుకున్నా ఇద్దరూ ఒకరినొకరు ‘మీరు’ అనే పిలుచుకునేవారని, కొత్త సంవత్సరం ముందురోజు రాత్రి ‘నువ్వు’లోకి దిగారని చెబుతారు. ఇది చెప్పగానే తరగతి మొత్తం నవ్వేది.

1896లో తిరిగి వచ్చేసరికి యూరప్ అంతటా ఆయన పేరు మారుమోగింది. ఆ పేరే తర్వాత పనికొచ్చింది. 1905లో స్వీడన్ నుంచి నార్వే విడిపోయినప్పుడు కొత్త రాజుగా రమ్మని డెన్మార్క్ యువరాజును ఒప్పించినవాళ్లలో ఆయనొకరు. రెండేళ్లు లండన్‌లో నార్వే రాయబారిగా ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా వెళ్లి తన దేశానికి ధాన్యం రప్పించుకొచ్చారు. ఈ భాగాన్ని నేనెప్పుడూ త్వరగానే దాటించేవాణ్ణి. ఎందుకంటే అసలు కథ ఆయనకు 58 ఏళ్లు వచ్చాక మొదలవుతుంది. మన ప్రభుత్వ ఉద్యోగులకు ఒకప్పుడు అది పదవీ విరమణ వయసు.

యుద్ధం ముగిసి ఏడాదిన్నర దాటినా లక్షలమంది యుద్ధఖైదీలు సైబీరియాలోనూ, జర్మనీలోనూ శిబిరాల్లోనే మగ్గుతున్నారు. 1920లో నానాజాతి సమితి వాళ్లను ఇళ్లకు చేర్చే పని నాన్సెన్‌కు అప్పగించింది. చిక్కేమిటంటే, సోవియట్ ప్రభుత్వం సమితిని గుర్తించదు. సమితి పేరు చెబితే మాట్లాడదు. నాన్సెన్ మనిషిగా వస్తే మాత్రం మాట్లాడతామన్నారు. ఓడలు, రైళ్లు, అప్పులు అన్నీ ఆయన కుదుర్చుకున్నారు. రెండేళ్లలో 4 లక్షల 27 వేల మందికి పైగా ఖైదీలు ఇళ్లు చేరారు. ఒక సంస్థను నమ్మని ప్రభుత్వం ఒక మనిషిని నమ్మడం దౌత్య చరిత్రలో తరచూ జరిగే సంగతి కాదు.

1921లో వోల్గా ప్రాంతంలో కరువు వచ్చింది. సాయం చేస్తే బోల్షివిక్కులు బలపడతారని యూరప్ ప్రభుత్వాల భయం. డబ్బివ్వమని సమితి సభలో నాన్సెన్ ఎంత వేడుకున్నా కాదన్నారు. అప్పుడాయన ఊరూరా తిరిగి, కరువు ఫొటోలు చూపించి చందాలు పోగుచేశారు. నిజం చెప్పాలంటే ఆ కరువులో ఎక్కువమందికి తిండి పెట్టింది అమెరికా సహాయ సంస్థే. నాన్సెన్ వంతు అంతకంటే చిన్నది. ఆ మాట చెప్పకుండా ఆయన్ను పొగిడితే పాఠం తప్పవుతుంది.

ఇక పాస్‌పోర్టు సంగతి. విప్లవం, అంతర్యుద్ధం తర్వాత రష్యా వదిలి పారిపోయినవాళ్లు పది లక్షలకు పైనే. కాన్‌స్టాంటినోపుల్‌లో, బెర్లిన్‌లో, పారిస్‌లో, చైనాలోని హార్బిన్‌లో ఎక్కడ చూసినా వాళ్లే. 1921 డిసెంబరులో సోవియట్ ప్రభుత్వం వాళ్లలో చాలామంది పౌరసత్వాన్ని ఒక్క ఆజ్ఞతో రద్దు చేసింది. అంతే, వాళ్ల చేతిలోని కాగితాలు చిత్తుకాగితాలయ్యాయి. పాస్‌పోర్టు లేకపోతే సరిహద్దు దాటలేరు. దాటలేకపోతే పని దొరికే దేశానికి వెళ్లలేరు. ఉన్నచోట ఉండనివ్వరు, పొమ్మంటే పోవడానికి దేశం లేదు.

ఇది మన విద్యార్థులకు అర్థం కావడానికి నేను దూరం వెళ్లాల్సిన పని ఉండేది కాదు. 1960ల్లో బర్మాలో దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక అక్కడ తరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఓడలెక్కి తిరిగి వచ్చాయి. నేను చదివేటప్పుడు మా తరగతిలోనూ ‘రంగం’ నుంచి వచ్చిన పిల్లలు ఇద్దరుండేవారు. ఇంట్లో ఏది పోయినా ఊరుకునేవారు గానీ, ట్రంకు పెట్టెలోని కాగితాల మూటను మాత్రం పిల్లలను ముట్టుకోనిచ్చేవారు కాదట. వాళ్లను తమవాళ్లని ఒప్పుకోవడానికి ఒక దేశమైనా ఉంది. రష్యా శరణార్థులకు అదీ లేదు.

నాన్సెన్ 1921లో ఈ శరణార్థుల హైకమిషనర్ అయ్యారు. 1922 జులైలో జెనీవాలో ప్రభుత్వాల ప్రతినిధులను కూర్చోబెట్టి ఒక ఒప్పందం కుదిర్చారు. శరణార్థి ఉన్న దేశమే అతనికి ఒక గుర్తింపు పత్రం ఇస్తుంది. తక్కిన దేశాలు దాన్ని పాస్‌పోర్టుకు బదులుగా గుర్తిస్తాయి. ఒక్క షీటు కాగితం, ఏడాది గడువు. తర్వాత ఐదు బంగారు ఫ్రాంకుల రుసుముకు దాని మీద నాన్సెన్ బొమ్మ ఉన్న స్టాంపు అంటించేవారు. ఆ రుసుముతో బీద శరణార్థులకు సాయం చేసేవారు. దాన్ని జనం ‘నాన్సెన్ పాస్‌పోర్టు’ అన్నారు. 1924లో ఆర్మేనియన్లకూ విస్తరించారు. చివరికి 50కి పైగా ప్రభుత్వాలు గుర్తించాయి, సుమారు 4 లక్షల 50 వేల మందికి అందింది. సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీ, చిత్రకారుడు షగాల్, నవలాకారుడు నబకోవ్ దాంతోనే తిరిగారు. నబకోవ్‌కు ఆ కాగితమంటే ఒళ్లుమంట. ప్రతి ఆఫీసులోనూ రెండో రకం మనిషిలా చూశారని ఆయన బాధ. అందులో నిజముంది. ఆ కాగితం పౌరసత్వం ఇవ్వదు, ఉద్యోగం చేసుకునే హక్కు ఇవ్వదు. మొదట్లో, ఇచ్చిన దేశానికే తిరిగి రానివ్వాలన్న పూచీ కూడా లేదు. అయినా ఏ దేశానికీ చెందని మనిషి కూడా చట్టం ముందు మనిషేనని ఇన్ని ప్రభుత్వాలు సంతకం పెట్టడం అదే మొదలు.

ఇప్పుడు కష్టమైన భాగం. 1922 సెప్టెంబరులో గ్రీకు, టర్కీ యుద్ధం చివర స్మిర్నా నగరం తగలబడింది. లక్షలమంది క్రైస్తవులు గ్రీసుకు పారిపోయారు. రెండు దేశాల మధ్య జనాలను మార్చుకోవడమే దారి అని నాన్సెన్ ప్రతిపాదించారు. 1923 జనవరి 30న లోజాన్‌లో సంతకాలయ్యాయి. మార్పిడి నిర్బంధం, ఇష్టాయిష్టాలు అడగరు. ఎవరు ఎటు పోవాలో నిర్ణయించింది భాష కాదు, మతం. గ్రీకు మాట రాని టర్కీ క్రైస్తవులు గ్రీసుకు వెళ్లారు. గ్రీకు తప్ప మరో భాష రాని క్రీటు ముస్లిములు టర్కీకి వెళ్లారు. అంతకుముందే పారిపోయి వచ్చినవాళ్లతో కలిపి ఇటు 12 లక్షలు, అటు నాలుగు లక్షలకు దగ్గరగా. ఈ చర్చలు నడుస్తున్న 1922 డిసెంబరులోనే ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

ఏటా తరగతిలో ఎవరో ఒకరు లేచి అడిగేవారు: మరి ఇది తప్పు కాదా మాస్టారూ? నాన్సెన్‌ను సమర్థించేవారు చెప్పేదేమిటంటే, అప్పటికే అత్యధికులు పారిపోయి వచ్చేశారు, తిరిగి వెళ్తే నరికేస్తారు, చలికాలం మీద పడుతోంది, టైఫస్ ప్రబలుతోంది, ఖాళీ అయిన ఇళ్లలోనే వాళ్లకు చోటు చూపాలి. ఇవన్నీ నిజాలే. కానీ ఇళ్లలో ప్రశాంతంగా ఉన్న క్రీటు రైతుకు ఇవి సమాధానం కావు. ప్రభుత్వాలు వదిలేసిన మనిషిని చేరదీసిన ఆయనే ఇక్కడ మనిషిని అడగకుండా ప్రభుత్వాల సౌకర్యం చూశారని నా అభిప్రాయం. పైగా తర్వాతి కాలంలో జనాలను విడదీయాలనుకున్నవాళ్లు ఎందరో లోజాన్‌ను ఉదాహరణగా చూపారు. దీనికి ఒప్పుకోని సహోపాధ్యాయులు స్టాఫ్ రూములో నాతో గంటలకొద్దీ వాదించేవారు. ఈ సంచిక చదివి మళ్లీ మొదలుపెడతారేమో!

నోబెల్ డబ్బును ఆయన సహాయ కార్యక్రమాలకే ఖర్చుపెట్టారు. చివరి ఏళ్లలో ఆర్మేనియన్ శరణార్థులకు సోవియట్ ఆర్మేనియాలో సాగునీరు పెట్టించి భూములిప్పించాలని తాపత్రయపడ్డారు. స్వయంగా వెళ్లి చూసి పథకం వేస్తే సమితి సభ్యదేశాలు డబ్బు ఇవ్వలేదు. 1930 మే 13న లీసాకర్‌లోని ఇంట్లో కన్నుమూశారు. నార్వే జాతీయ దినమైన మే 17న అంత్యక్రియలు జరిగాయి.

ఆయన పేరుతో సమితి నడిపిన కార్యాలయానికి 1938లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 1951 శరణార్థుల ఒప్పందంలో ప్రయాణ పత్రం గురించి ఉన్న 28వ అధికరణం నాన్సెన్ కాగితానికి వారసురాలే. ఆ ఒప్పందం మీద మన దేశం ఇప్పటికీ సంతకం చేయలేదు. మన పూర్వ విద్యార్థుల్లో విదేశాల్లో ఉన్నవారు చాలామందే. ఇమిగ్రేషన్ క్యూలో నిలబడినప్పుడు ఈసారి కాస్త పక్కకు చూడండి. కొందరి చేతుల్లో అట్ట మీద ఎడమవైపు మూలన రెండు ఏటవాలు గీతలున్న పుస్తకం కనిపిస్తుంది. అది శరణార్థి ప్రయాణ పత్రం.