పూసల పెట్టె మాస్టారు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ వాళ్లు ఫోన్ చేసినప్పుడు మన బ్యాచ్ కబుర్లే రాద్దామనుకున్నాను. కానీ అవి నాకన్నా బాగా రాయగలవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. అందుకే ముప్ఫై ఏళ్లకు పైగా నాకు అన్నం పెడుతున్న క్వాలిటీ పనికి పెద్ద దిక్కయిన ఒక మాస్టారి గురించి రాస్తున్నాను. ఆయన పేరు విలియం ఎడ్వర్డ్స్ డెమింగ్. న్యూయార్క్ విశ్వవిద్యాలయం బిజినెస్ స్కూల్లో 1946లో చేరి, 1993లో చనిపోయే దాకా గణాంక శాస్త్రం బోధించారు. ఆ స్కూలు చెప్పుకునే పెద్ద పేర్లలో ఆయనదొకటి. తమాషా ఏమిటంటే, బిజినెస్ స్కూళ్లు నేర్పేదాంట్లో చాలా భాగం తప్పని జీవితాంతం వాదించింది కూడా ఆయనే.

పుట్టింది 1900 అక్టోబరు 14న, అయోవా రాష్ట్రంలోని సూ సిటీలో. పెరిగింది వయోమింగ్‌లో పావెల్ అనే చిన్న ఊళ్లో. తండ్రికి అక్కడ కొంత భూమి దొరికింది కానీ పెద్దగా పండలేదు. తారు కాగితం చుట్టిన గుడిసె లాంటి ఇంట్లో కొన్నేళ్లు గడిపారు. తల్లి సంగీతం పాఠాలు చెప్పేది. పిల్లవాడు బడికి వెళ్తూనే హోటల్లో కట్టెలు, బొగ్గు మోసేవాడు, సాయంత్రం వీధి దీపాలు వెలిగించేవాడు. మన ఊళ్లో కిరాణా కొట్లో పొట్లాలు కట్టి చదువుకున్న మిత్రులు మనలోనూ ఉన్నారు, వాళ్లకు ఈ బతుకు విడమరచి చెప్పక్కర్లేదు. 1921లో వయోమింగ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, 1928లో యేల్‌లో గణిత భౌతిక శాస్త్రంలో డాక్టరేటు తీసుకున్నారు.

యేల్‌లో ఉండగానే వేసవి సెలవుల్లో షికాగో దగ్గరి హాథార్న్‌లో, వెస్ట్రన్ ఎలక్ట్రిక్ వారి ఫ్యాక్టరీలో పని చేశారు. టెలిఫోన్ సామాను తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో వేలమంది పనివాళ్లుండేవారు. పీసు లెక్కన కూలి ఇస్తే మనిషికి పని మీద గౌరవం ఎలా పోతుందో ఆయన అక్కడే చూశారు. ఆ తర్వాత బెల్ లేబొరేటరీస్‌లో ఉన్న వాల్టర్ షూహార్ట్‌తో పరిచయమైంది. మేం రోజూ వాడే కంట్రోల్ చార్టును 1924లో తయారుచేసింది ఆ షూహార్టే.

చార్టు సంగతి కొంచెం చెప్పాలి. మా పల్లె నుంచి బడికి సైకిలు మీద వచ్చేవాణ్ని. ఒకరోజు ఇరవై నిమిషాలు పట్టేది, ఇంకోరోజు ఇరవై అయిదు. ఎదురుగాలి, గేటు దగ్గర ఎడ్లబండి, దారిలో బురద, ఇలా చిన్న చిన్న కారణాలు వందుంటాయి. ఒకరోజు గొలుసు తెగి యాభై నిమిషాలు పట్టిందనుకోండి, అది వేరే సంగతి. గొలుసు తెగితే గొలుసు బాగుచేయించాలి. ఇరవై అయిదు నిమిషాలు పట్టిందని పిల్లవాణ్ని బెంచీ ఎక్కిస్తే రేపు గాలి మారదు, బురదా ఎండదు. ఆ తేడా తగ్గాలంటే దారి బాగుచేయాలి. ఆ దారి పిల్లవాడి చేతిలో లేదు. ఫ్యాక్టరీలో వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకానివేననీ, వాటిని సరిదిద్దగలిగేది యాజమాన్యం ఒక్కటేననీ డెమింగ్ నమ్మారు.

1939లో అమెరికా జనాభా లెక్కల శాఖలో చేరి, 1940 లెక్కల్లో శాంప్లింగ్ పద్ధతి ప్రవేశపెట్టడంలో ముఖ్యపాత్ర వహించారు. యుద్ధకాలంలో వేలమంది ఇంజనీర్లకు క్వాలిటీ కంట్రోల్ నేర్పే పాఠాలు నడిచాయి, వాటికి అంకురం వేసినవారిలో ఆయనొకరు. యుద్ధం ముగిసింది. ఏది తయారుచేసినా అమ్ముడుపోయే రోజులొచ్చాయి. చార్టులన్నీ గోడల మీంచి దిగిపోయాయి. ఇంజనీర్లకు నేర్పి యజమానులను వదిలేయడమే తన పొరపాటని ఆయన తర్వాత గ్రహించారు. ఇంజనీరుగా ఈ మాట రాయడానికి నాకు కాస్త కష్టంగానే ఉంది, కానీ అది నిజం.

అందుకే 1950లో జపాన్ శాస్త్రజ్ఞుల, ఇంజనీర్ల సంఘం పాఠాలు చెప్పడానికి పిలిచినప్పుడు ఆయన ఇంజనీర్లతో సరిపెట్టుకోలేదు. కంపెనీల అధిపతులను కూడా కూర్చోబెట్టమన్నారు. ఆ జూలైలో టోక్యోలో పెద్ద పెద్ద కంపెనీల అధ్యక్షులు ఆయన మాట విన్నారు. ఊళ్లకు ఊళ్లు కాలిపోయి ఉన్నాయి, జపాన్ సరుకంటే చవకబారు సరుకని లోకమంతా నవ్వుతోంది. అయిదేళ్లలో మీ సరుకు కోసం ప్రపంచం ఎగబడుతుందని ఆయన చెప్పారట. వాళ్లు నమ్మారో లేదో కానీ చెప్పినట్టు చేశారు. ఆ ఉపన్యాసాలు పుస్తకంగా వస్తే రాయల్టీ తనకొద్దన్నారు. ఆ డబ్బుతో 1951లో డెమింగ్ బహుమతి మొదలైంది. 1960లో జపాన్ చక్రవర్తి పేరిట ప్రభుత్వ పురస్కారం అందుకున్నారు.

మన దేశానికీ ఈ చార్టు త్వరగానే వచ్చింది. ప్రశాంత చంద్ర మహలనోబిస్ పిలుపు మీద షూహార్ట్ 1947-48లో వచ్చి మన ఫ్యాక్టరీలు తిరిగారు. నేను కంట్రోల్ చార్టు గీయడం నేర్చుకున్నది కూడా ఆ మహలనోబిస్ స్థాపించిన భారత గణాంక సంస్థకు హైదరాబాదులో ఉన్న విభాగం నడిపిన తరగతుల్లోనే. డెమింగ్ బహుమతి మాత్రం మన కంపెనీకి రావడానికి 1998 దాకా పట్టింది. అది చెన్నైలోని సుందరం క్లేటన్ బ్రేకుల విభాగానికి వచ్చింది.

సొంత దేశంలో మాత్రం చాలాకాలం ఆయన గణాంకాల వాళ్లకు తప్ప ఎక్కువమందికి తెలియదు. వాషింగ్టన్‌లో పాత ఇంట్లో కింది అంతస్తే ఆఫీసు. అక్కణ్నుంచి న్యూయార్క్ వెళ్లి పాఠం చెప్పి వచ్చేవారు. 1980 జూన్‌లో ఎన్‌బీసీ టీవీలో జపాన్ పరిశ్రమల మీద ఒక డాక్యుమెంటరీ వచ్చింది. అందులో చివర కాసేపు ఈ ముసలాయన కనిపించారు. మర్నాటి నుంచి ఫోను మోగడం ఆగలేదు. అప్పటికాయనకు 79 ఏళ్లు. మనం పెన్షన్ కాగితాలు సర్దుకునే వయసు దాటి ఇరవై ఏళ్లయ్యాక ఆయన అసలు పని మొదలైంది. ఫోర్డ్ కంపెనీ పిలిపించింది. కార్ల గురించి చెబుతారనుకుంటే మేనేజర్ల గురించి చెప్పారు.

ఇక పూసల పెట్టె. ఆయన నాలుగు రోజుల సెమినార్లలో ఇది తప్పక ఉండేది. పెట్టెలో 3,200 తెల్ల పూసలు, 800 ఎర్ర పూసలు. సభలోంచి ఆరుగురు పనివాళ్లను పిలుస్తారు. యాభై గుంటలున్న చెక్క తెడ్డును పెట్టెలో ముంచి తీయాలి. తెల్లవే రావాలి, ఎర్రవి వస్తే తప్పు. ఒకరికి ఆరు ఎర్రవి వస్తే మెచ్చుకుంటారు, ఇంకొకరికి పదిహేనొస్తే అందరి ముందూ తిడతారు. మర్నాడు లెక్క తారుమారవుతుంది. గోడల మీద నినాదాలు, మంచి పనివాడికి జీతం పెంపు, చెడ్డవాడికి ఉద్వాసన, అన్నీ నడుస్తాయి. ఎర్ర పూసలు సగటున పది దగ్గరే ఉంటాయి, ఎందుకంటే పెట్టెలో ఉన్నవే అన్ని. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు, కాసేపటికి నవ్వు ఆగిపోయేది.

నాకూ ఆగిపోయింది. ఈ ప్రయోగం గురించి మొదట చదివినప్పుడు నేనొక ఫ్యాక్టరీలో సెక్షన్ హెడ్‌ని. నా కింద పన్నెండు మంది. ఏడాదికోసారి అందరికీ రేటింగు ఇవ్వాలి, ఒకరినైనా అట్టడుగున పెట్టాలి. రెండేళ్లు వరుసగా ఒకే గ్రైండింగ్ ఆపరేటరును పెట్టాను, రిజెక్షన్లు అతని మెషిన్లోనే ఎక్కువ. అతను ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. మెషిన్లో ఏదో శబ్దం వస్తోంది సార్ అని మాత్రం ఒకట్రెండు సార్లన్నాడు. మూడో ఏడు మానేసి వెళ్లిపోయాడు. అతని జాగాలో మంచి రేటింగున్న కుర్రాణ్ని వేస్తే రిజెక్షన్లు తగ్గలేదు. మెషిన్ విప్పి చూస్తే స్పిండిల్ బేరింగు అరిగిపోయి ఉంది. మార్చిన వారంలోనే లెక్క సరయింది. ఆ కాగితం మీద సంతకం నాది. తర్వాత అతని కోసం వాకబు చేశాను, దొరకలేదు.

డెమింగ్ ఇదే మాట బళ్లకూ వర్తిస్తుందన్నారు. పిల్లలకు ర్యాంకులు వేయడం, బంగారు నక్షత్రాలు అతికించడం వద్దని 1993లో వచ్చిన చివరి పుస్తకంలో రాశారు. ఇక్కడ మన మాస్టార్లు నాతో విభేదించవచ్చు. ప్రవేశ పరీక్షలున్న రాష్ట్రంలో ర్యాంకులు లేకుండా ఎలా అంటే నా దగ్గరా పూర్తి జవాబు లేదు. కానీ మన లెక్కల మాస్టారు పేపర్లిచ్చేటప్పుడు మార్కులు పైకి చదివేవారు కాదు. క్లాసులో సగంమంది ఒకే లెక్క తప్పు చేస్తే, నేనే సరిగ్గా చెప్పలేదర్రా అని ఆ పాఠం మళ్లీ మొదలుపెట్టేవారు. ఆయన డెమింగ్ పేరు విని ఉండరు.

డెమింగ్ చనిపోయింది 1993 డిసెంబరు 20న. అంతకు కొద్దిరోజుల ముందు కూడా చక్రాల కుర్చీలో కూర్చుని కాలిఫోర్నియాలో సెమినార్ నడిపారు. వయసు 93.

పూసల పెట్టె ఒకటి నేనూ చేయించుకున్నాను. తెడ్డుకు గుంటలు మా ఊరి వడ్రంగి వేసిచ్చాడు. స్వర్ణోత్సవం రెండో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక పదో తరగతి గదిలో పెడతాను. ఆరుగురు పనివాళ్లు కావాలి. మాస్టార్లకే మొదటి అవకాశం.