పండగకు పంచిపెట్టారు... ఏడాదంతా అమ్ముకున్నారు

ఎడిసన్ (న్యూజెర్సీ): ఉగాది దగ్గర పడిందంటే ఓక్ ట్రీ రోడ్డులో మనవాళ్ళ కొట్లకు కొత్త కళ వస్తుంది. వేపపువ్వు, బెల్లం, మామిడాకులు ముందు వరసలోకి వచ్చేస్తాయి. సరుకులు కొన్నవాళ్ళ చేతిలో తెలుగు క్యాలెండరు ఒకటి పెడతారు. పైన తిథులు, వర్జ్యాలు. కింద కొట్టు పేరు, ఫోన్ నంబరు. శనివారం సాయంత్రం ఉగాది సభకు వెళ్తే స్టేజీ వెనక బ్యానరు నిండా ఇళ్ళు అమ్మేవాళ్ళు, పన్ను లెక్కలు చూసేవాళ్ళు, బిర్యానీ హోటళ్ళవాళ్ళు. ఇది పండగా, సంతా అని విసుక్కునే పెద్దలు మనలో ఉన్నారు. వాళ్ళ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం.

అయితే పండగనీ వ్యాపారాన్నీ కలిపి నడిపి, రెండింటికీ గౌరవం తెచ్చిన తెలుగాయన ఒకరు నూరేళ్ళ కిందటే ఉన్నారు. అదీ మనలాగే సొంతూరు వదిలి, పరాయి భాషవాళ్ళ నగరంలో. ఆయన తయారుచేసిన మందు ఇప్పటికీ ఇండియా నుంచి మన సూట్‌కేసుల్లో వస్తూనే ఉంది. అదే అమృతాంజనం. ఆయన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు.

కృష్ణా జిల్లా ఎలకుర్రు ఆయన ఊరు. 1867 మే 1న పుట్టారు. బందరులో చదువుకుని, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో 1891లో బి.ఏ. పూర్తిచేశారు. ఆ రోజుల్లో బి.ఏ. అంటే సర్కారు ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చేది. పంతులుగారి మనసు మాత్రం వ్యాపారం మీదికి పోయింది. కలకత్తా చూశారు, తర్వాత బొంబాయి చేరారు. అక్కడ ఒక యూరోపియన్ వర్తకుల కంపెనీలో పనిచేస్తూ లోగుట్టు నేర్చుకున్నారు. 1893లో అమృతాంజనం పేరుతో తలనొప్పి మందు తయారీ మొదలుపెట్టారు. పుణే, బొంబాయిల్లో గణేశ ఉత్సవాలు ఇళ్ళలోంచి వీధి పందిళ్ళలోకి వచ్చిన సంవత్సరం కూడా అదే. జనం ఒకచోట చేరడం ఎంత బలమో బొంబాయి అప్పుడే తెలుసుకుంటోంది.

కొత్త మందు. పేరు ఎవరికీ తెలీదు. ఎదురుగా దొరల కంపెనీల మందులు. ఏ చిన్న వ్యాపారికైనా ఎదురయ్యే చిక్కే ఇది: వాడిచూస్తే గానీ నమ్మరు, నమ్మితే గానీ కొనరు. పంతులుగారు దీనికి కనిపెట్టిన దారి చాలా సులువైనది. సంగీత సభలకు వెళ్ళి వచ్చినవాళ్ళకు అమృతాంజనం ఉచితంగా పంచిపెట్టారు. గంటల తరబడి కూర్చుని పాట విన్నవాళ్ళకు తల బరువెక్కితే అక్కడికక్కడే రాసుకుని చూసుకున్నారు. ఆ ఘాటు, ఆ చల్లదనం వాళ్ళతోపాటు ఇంటికి వెళ్ళాయి. కొనమని ఎవరూ బతిమాలక్కర్లేకపోయింది. అలా మొదలైన వ్యాపారం ఆయన్ని లక్షాధికారిని చేసింది.

అక్కడితో ఆగి ఉంటే ఈయన్ని బాగా సంపాదించిన వ్యాపారి అని మాత్రమే చెప్పుకునేవాళ్ళం. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. తెలుగునాడుకు అంత దూరంలో తెలుగు పత్రిక! మరో కొన్నేళ్ళకు ఉగాది ప్రత్యేక సంచికలు మొదలయ్యాయి. ఆ రోజుల్లో వాటిని సంవత్సరాది సంచికలనేవారు. చరిత్ర, సాహిత్యం, కళలు, విజ్ఞానం మీద పండితుల వ్యాసాలు, బొమ్మలు, వాటితోపాటు ప్రకటనలు. మామూలు పత్రిక మర్నాటికి పొట్లం కాగితమైపోతుంది. సంవత్సరాది సంచిక అలా కాదు. దాచుకుంటారు, పక్కింటివాళ్ళు అడిగి పట్టుకెళ్తారు. అందులో ప్రకటన వేసుకున్న వ్యాపారి పేరు కూడా ఆ ఇంట్లో ఏడాదంతా ఉంటుంది. మన వంటింటి గోడమీది క్యాలెండరు చేసే పని ఇదే కదా! తేడా ఒక్కటే. ఆయన పండగ పేరుతో ఇచ్చిన దాంట్లో ప్రకటన ఒక్కటే లేదు, చదువుకోవడానికి సరుకుంది.

1914లో పత్రిక మద్రాసుకు తరలి దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక వచ్చింది. 1926లో ఆంధ్ర గ్రంథమాల పెట్టి మంచి పుస్తకాలు చవగ్గా అచ్చువేయించారు. వీటన్నిటి వెనకా నిలబడ్డది అమృతాంజనం డబ్బే. గ్రంథాలయ ఉద్యమానికి చేయూతనిచ్చారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళారు. జనం ఆయన్ని దేశోద్ధారక అనీ, విశ్వదాత అనీ పిలుచుకున్నారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణతో గౌరవించింది. 1936లో అమృతాంజనం పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయింది. 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకులు ఒప్పందం చేసుకున్న శ్రీబాగ్ ఆయన ఇల్లే. మైలాపూరులో ఆయన పేరిట పార్కు ఉంది.

1938 ఏప్రిల్ 11న కన్నుమూశారు. ఉగాది వెళ్ళి పట్టుమని పది రోజులైంది. ఆంధ్రపత్రిక 1991 దాకా నడిచి ఆగిపోయింది. మందు మాత్రం ఇంకా అమ్ముడవుతోంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, మనలో చాలామందికి ఓ చిన్న వ్యాపారం పెట్టాలన్న కోరిక ఉంది. ఎడిసన్‌లో పచ్చళ్ళు పట్టే అక్కయ్యకైనా, దుబాయిలో టైలరు దుకాణం తెరవాలనుకునే తమ్ముడికైనా ముందు గుర్తొచ్చేది పండగే. జనం దొరికేది ఆ రోజే. (వీసా ఒప్పుకుంటేనే సుమా, ఆ సంగతి ముందు కనుక్కోండి.) బ్యానరు మీద పేరుకు వందల డాలర్లు పోస్తే సభ ముగిసేసరికి బ్యానరు చుట్టేస్తారు. అదే డబ్బుతో వచ్చినవాళ్ళకు చెంచాడు ఆవకాయ రుచి చూపిస్తే? పిల్లల చేతికి తెలుగు కథల చిన్న పుస్తకం ఇచ్చి, చివరి అట్టమీద కొట్టు పేరు వేసుకుంటే?

పండగను వ్యాపారానికి వాడుకోవడం తప్పేమీ కాదని పంతులుగారి జీవితం చూస్తే మాకనిపిస్తుంది. పండక్కి వచ్చినవాడు ఇంటికి ఏం పట్టుకెళ్ళాడన్నదే లెక్క. విసుక్కునే పెద్దలకూ, బ్యానరు కట్టే వ్యాపారులకూ వచ్చే ఉగాదికి ఈ ఒక్క ప్రశ్న అప్పజెబుతున్నాం.