చెరసాలలో పుట్టిన యాత్రాగ్రంథము

ఇటలీ దేశపు ఈశాన్యతీరమున, నీటిపై తేలుచున్నట్లు కనబడు నగరము వెనిస్. అచట వీధులకు బదులు కాలువలును, బండ్లకు బదులు పడవలును ఉండును. 13వ శతాబ్దమున వర్తకమునకు ఆ నగరము పెట్టినది పేరు. తూర్పుదేశముల మిరియములు, పట్టు, రత్నములు దాని రేవునకు వచ్చి ఐరోపాలోని పెక్కు దేశములకు పోవుచుండెడివి. ఆ సరకులు ఏ నేలపై పుట్టునో, వానిని పుట్టించువారు ఎట్టివారో కొన్నవారికి తెలియదు. అమ్మినవారికిని అంతంతమాత్రమే తెలియును.

ఆ నగరమున 1254వ సంవత్సరమున మార్కో పోలో జన్మించెను. అతని తండ్రి నికోలోయు, తండ్రి సోదరుడు మఫియోయు వర్తకులు. వారు వ్యాపారార్థము తూర్పునకు పోయి, విధివశమున మంగోలు చక్రవర్తియగు కుబ్లయిఖానుని కొలువునకు చేరిరి. 1269లో వారు ఇల్లు చేరుసరికి మార్కోకు 15 ఏండ్లు. తల్లి అంతకుముందే గతించెను. తండ్రీకొడుకులు ఒకరినొకరు ఎరిగినది అప్పుడే యనవచ్చును.

తన కొలువునకు నూరుగురు క్రైస్తవ పండితులను పంపుమని కుబ్లయి ఆ సోదరులద్వారా పోపునకు వర్తమానము పంపియుండెను. పోపు పంపగలిగినది ఇద్దరిని మాత్రమే. ఆ ఇద్దరును త్రోవలో యుద్ధవార్త విని వెనుదిరిగిరి. ఇక మిగిలినవారు వర్తకులిద్దరు, 17 ఏండ్ల బాలుడొకడు. 1271లో బయలుదేరిన ఆ మువ్వురును పారశీక దేశమును, పామీరు పర్వతములను, గోబీ ఎడారిని గడచి, సుమారు మూడున్నర సంవత్సరములకు చక్రవర్తి వేసవి విడిదియగు షాంగ్‌డు నగరమును చేరిరి.

మార్కో ఆ దేశమున 17 సంవత్సరములు నివసించెను. కుబ్లయికొక స్వభావము కలదు. దూరప్రాంతములకు పంపిన రాయబారులు తమ పనిని మాత్రము నివేదించి యూరకున్నచో అతనికి విసుగు కలుగుచుండెను. పోయిన చోటి ప్రజలు ఏమి తిందురు, ఎట్లు జీవింతురు, అచట ఏ వింతలు కలవు అని వినుటయే అతనికి ప్రీతి. మార్కో ఇది కనిపెట్టెను. రాజకార్యముపై ఎచటికి పోయినను అచటి విశేషములను శ్రద్ధతో చూచి, మనసున నిలుపుకొని, తిరిగి వచ్చి చెప్పుచుండెను. అతని గ్రంథమునకు తొలి శ్రోత కుబ్లయియే యని నేను తలంతును. వినువాడున్నప్పుడే గదా చూచువాని కన్ను పదునెక్కునది!

పోలోలకు ఇల్లు తలపునకు వచ్చినను చక్రవర్తి వారిని విడిచిపెట్టలేదు. తుదకొక అవకాశము లభించెను. పారశీకమును ఏలుచుండిన మంగోలు రాజు అర్ఘూను తనకు వధువును పంపుమని ముగ్గురు దూతలను కుబ్లయి కడకు పంపెను. కోకచిన్ అను రాకుమార్తెను సముద్రమార్గమున తోడ్కొని పోవు పరివారమున పోలోలు చేరిరి. 14 ఓడలు బయలుదేరెను. గాలి అనుకూలింపక సుమత్రా ద్వీపమున ఐదు నెలలు నిలువవలసి వచ్చెను. సహచరులలో పెక్కురు త్రోవలోనే మరణించిరి. పారశీకమును చేరునప్పటికి అర్ఘూను జీవించి లేడు. రాకుమార్తె అతని కుమారుడగు గజానును పెండ్లాడెను. 1295లో మార్కో వెనిస్ చేరెను. ఇల్లు విడిచి 24 సంవత్సరములు గడచినవి. చినిగిన తాతారు దుస్తులతో వచ్చిన ఆ మువ్వురను బంధువులు గుర్తింపలేదనియు, ఆ దుస్తుల కుట్లు విప్పగా రత్నములు రాలెననియు ఒక కథ కలదు. దానిని వ్రాసిన రాముసియో రెండున్నర శతాబ్దముల తరువాతివాడు. కథ ముచ్చటైనదే, సాక్ష్యము చాలదు.

అంతటితో ముగిసియున్నచో మార్కో పేరు నేడు మనకు తెలిసెడిది కాదు. ఆ కాలమున వెనిస్‌కును జెనోవా నగరమునకును యుద్ధము జరుగుచుండెను. అందు మార్కో శత్రువులకు చిక్కి జెనోవా చెరసాల పాలయ్యెను. అచట పీసా నగరవాసియగు రుస్తికెల్లో అను మరియొక బందీ ఉండెను. అతడు ఆర్థరు రాజు వీరగాథలను వ్రాసిన రచయిత. మార్కోయో వర్తకుడు, లెక్క వ్రాయుట తెలిసినవాడే కాని కథ నడుపుట తెలిసినవాడు కాడు. 1298లో మార్కో చెప్పుచుండగా రుస్తికెల్లో వ్రాసెను. పండితుల భాషయగు లాటినున గాక, ఇటాలియను పలుకులు కలిసిన ఫ్రెంచి భాషలో వ్రాసెను. ఫ్రెంచి నాడు పెక్కు దేశముల ప్రభువులును, కథాప్రియులును చదువుకొను భాష. భాషను ఎంచుకొనుటలోనే పాఠకులను ఎంచుకొనుటయు జరిగెను. ఆ గ్రంథములోని యుద్ధవర్ణనలన్నియు ఒకే అచ్చున పోసినట్లుండుటకును రుస్తికెల్లో కలమే కారణము. అవి వీరగాథల బాణీలో నడచినవి.

అప్పటికి ఐరోపాలో అచ్చుయంత్రము లేదు. ప్రతి ప్రతిని చేతితో వ్రాయవలెను. 1299లో విడుదలయై ఇల్లు చేరిన మార్కో 1307లో తిబో ద సెపోయ్ అను ఫ్రెంచి ప్రభువునకు ఒక ప్రతిని తానే సమర్పించెను. ఫ్రాన్సిస్కో పిపీనో అను సన్యాసి గ్రంథమును లాటినులోనికి అనువదింపగా మఠములలోని విద్వాంసులును చదువసాగిరి. మూలప్రతి మాత్రము నేడు లేదు. మిగిలియున్న నూరుకు మించిన వ్రాతప్రతులలో ఒకటి మరొకదానితో అచ్చముగా సరిపడదు. వ్రాయసకాడు తనకు నచ్చినది కలిపెను, నచ్చనిది విడిచెను.

ఇట్లు పాఠకులు దొరకిరి. కాని నమ్మువారు కరవైరి. నల్లని రాళ్లను త్రవ్వి వంటచెరకుగా కాల్తురని మార్కో చెప్పెను. అది నేలబొగ్గని మనకు తెలియును. వెనిస్ వాసులకు తెలియదు. చెట్టుబెరడుతో చేసిన కాగితముపై రాజముద్ర వేసినచో అది బంగారమువలె చెల్లుననెను. కాగితమునకు బంగారమిచ్చు మూఢుడెవ్వడని వారికి తోచియుండవచ్చును. నిప్పులో కాలని వస్త్రము నిప్పులో బ్రతుకు జంతువు బొచ్చని ఐరోపావారు నమ్ముచుండిరి. అది కొండనుండి త్రవ్వి తీసిన రాతినార యని మార్కో సరిదిద్దెను. కట్టుకథను నమ్మినవారికి నిజమే కట్టుకథగా తోచెను! అతనికి మిలియోనె యను మారుపేరు వచ్చెను. ప్రతిదానిని లక్షలలో చెప్పుటచే వచ్చినదని కొందరును, వంశనామమునుండి వచ్చినదని కొందరును అందురు.

అట్లని అతడు చెప్పినదెల్ల సత్యము కాదు. మన నేలను గూర్చి వ్రాసినదే చూడుడు. అతడు ముత్ఫిలి యని పేర్కొన్నది మోటుపల్లి రేవు. నేడది బాపట్ల జిల్లాలో నున్నది. కాకతీయ గణపతిదేవుడు 1244లో సముద్రవర్తకులకు అభయమిచ్చుచు శాసనము వేయించినది అచటనే. ఆ రాజ్యమును వివేకవతియగు రాణి న్యాయముగా ఏలెననియు, సాలెపురుగు గూడువంటి సన్నని వస్త్రములు అచట నేయుదురనియు మార్కో చెప్పెను. ఆ రాణి రుద్రమదేవి. కాని ఆమె పతి మరణానంతరము రాజ్యమునకు వచ్చెనని వ్రాయించెను. ఆమె గణపతిదేవుని పుత్రిక యని మన శాసనములు చెప్పుచున్నవి. లోయలో మాంసపుముక్కలు విసరగా గ్రద్దలు వానికంటిన వజ్రములను పైకి తెచ్చుననుట అంతకుముందే లోకమున వ్యాపించిన కథ. మోటుపల్లిని మార్కో స్వయముగా చూచెనో, నావికులవలన వినెనో చెప్పుట కష్టము. చూచినదానికిని విన్నదానికిని నడుమ గీత గీయుట యాత్రారచయితకు కఠినమైన పని. మార్కో అన్నిచోట్ల గీయలేదు.

1324లో అతడు మరణశయ్యపై నుండగా, అసత్యములని తోచినవానిని గ్రంథమునుండి తొలగింపుమని మిత్రులు వేడుకొనిరట. తాను చూచినదానిలో సగమైనను చెప్పలేదని అతడు బదులిచ్చెనని సమకాలికుడగు ఒక సన్యాసి వ్రాసెను.

తరువాతి తరములవారు ఆ గ్రంథమును వేరుగా చదివిరి. 1375 నాటి కాటలాన్ పటమున చీనా నగరముల పేర్లు అందుండియే వచ్చెను. 1477లో న్యూరెంబర్గు నగరమున జర్మను అనువాదము అచ్చుపడెను. కొలంబసు కడనుండిన లాటిను ప్రతి, అంచులలోని వ్రాతలతో సహా, స్పెయిను దేశపు సెవిల్ నగరమున భద్రముగా నున్నది.

అయినను శంక తీరలేదు. 1995లో ఫ్రాన్సిస్ వుడ్ అను ఆంగ్ల విదుషి, మార్కో మహాకుడ్యమును గాని తేయాకును గాని పేర్కొనకుండుటకు కారణమేమని ప్రశ్నించి, అతడు చీనాకు పోయెనా యని సందేహించెను. నేడు మనము చూచు మహాకుడ్యములో అధికభాగము తరువాతి మింగ్ రాజుల కాలమున కట్టినదని ఇతరులు సమాధానమిచ్చిరి. అంతకంటె బలమైన సాక్ష్యము 1941లోనే వెలువడియుండెను. యాంగ్ జిజియూ అను చీనా చరిత్రకారుడు ప్రాచీన రాజపత్రములను శోధించుచు, 1290 నాటి ఒక ఉత్తరువును కనుగొనెను. అర్ఘూను రాజు దూతల పరివారమునకు ఇవ్వవలసిన భోజనభత్యమును గూర్చిన చిన్న పత్రమది. అందు పోలోల పేరు లేదు. దూతలు ముగ్గురి పేర్లు కలవు. ఆ మూడు పేర్లను ఉలతాయి, అపుస్క, కోజా యని జెనోవా చెరసాలలో మార్కో వ్రాయించియుండెను.